కొత్తదైనంత మాత్రాన కొలత నిజమగునా?

వైద్యం ఆసుపత్రి గడప దాటి ఇంటిలోనికి వచ్చినదనుటకు నేడు కనిపించే గుర్తు అల్మారాలోని ఒక చిన్న పెట్టె. అందులో బి.పి. యంత్రం, గ్లూకోమీటరు, డిజిటల్ థర్మామీటరు ఉంటాయి. గృహవైద్యం పట్ల అభిమానం గలవారి ఇంట చూర్ణాలు తూచుకొనే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కూడ చేరుతున్నది. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల పట్టణాలలోనే కాదు, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్, ఉట్నూరు పరిసరాల పల్లెలలో సైతం ఈ సాధనాలు ప్రవేశించినాయి. పట్నంలో ఉద్యోగం చేసే కుమారుడో, గల్ఫ్ నుండి సెలవు మీద వచ్చిన అల్లుడో తెచ్చి ఇచ్చినవి కొన్ని, మందుల దుకాణంలో కొన్నవి కొన్ని.

పెట్టె కొత్తది, సీలు విప్పలేదు, కంపెనీ పేరు పెద్దది. ఇక సరిచూడవలసిన పని ఏమున్నదని సామాన్యంగా అడుగుతారు. పాతబడిన కాటా తప్పు తూచవచ్చును గాని కొత్త కాటా ఎందుకు తప్పుతుందని వారి తర్కం. ఈ తర్కం పైకి సమంజసంగానే కనిపిస్తుంది. అయినను, కొత్త పరికరాన్ని మొదటిసారి వాడుటకు పూర్వమే సరిచూచుకొనవలెనని, ఆయుర్వేదాన్ని, గృహవైద్యాన్ని నమ్మేవారికి ఈ అవసరం ఇతరులకంటె ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం.

కారణం చెబుతాను. ఒక గృహస్థు పరగడుపున చక్కెర చూచుకొంటే 138 వచ్చినదనుకొందాం. మెంతులు రాత్రి నానబెట్టి ఉదయం సేవిస్తూ పది దినాలు గడిపి మరల చూచుకొంటే 121 వచ్చినది. మెంతులు పనిచేసినవని ఆయన సంతోషిస్తాడు, ఇరుగుపొరుగు వారికి చెబుతాడు, పత్రికకు ఉత్తరం వ్రాస్తాడు. ఇప్పుడు గ్లూకోమీటర్లకు అంతర్జాతీయంగా వర్తించే ఐ.ఎస్.ఓ. 15197 అనే 2013 నాటి ప్రమాణాన్ని చూడండి. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములకు లోపుగా ఉన్నప్పుడు యంత్రం 15 మిల్లీగ్రాములు అటూ ఇటూగా చూపవచ్చును. 100, ఆపైన ఉన్నప్పుడు నూటికి 15 వంతులు అటూ ఇటూ కావచ్చును. నూరు ఫలితాలలో 95 ఈ హద్దులలో ఉంటే చాలును. అనగా నిజముగా 130 ఉన్న రక్తాన్ని 111 అని చూపినా, 149 అని చూపినా అది ప్రమాణానికి లోబడిన మంచి యంత్రమే. 138, 121 అనే రెండు అంకెలూ ఒకే రక్తానివి కావచ్చును!

మెంతులు పనిచేయలేదని నేననుట లేదు. పనిచేసినదీ లేనిదీ ఆ రెండు అంకెలు చెప్పజాలవని అంటున్నాను. నేరేడు గింజల చూర్ణమైనా, పొడపత్రియైనా, తిప్పతీగయైనా ఇదే మాట. ప్రమాణానికి లోబడిన యంత్రం సంగతే ఇట్లుండగా, ఎండలో చెడిపోయిన పట్టీలతో, ఎన్నడూ సరిచూడని యంత్రంతో వచ్చిన అంకెల సంగతి చెప్పనక్కరలేదు. యంత్రం తక్కువ చూపితే రోగి తాను వేసుకొంటున్న మాత్రలు మానివేస్తాడు. ఎక్కువ చూపితే మంచి ఔషధాన్ని పనికిరానిదని పారవేస్తాడు. రెండు విధాలా నష్టపోయేది రోగి, అపకీర్తి మూటకట్టుకొనేది వైద్యం.

ఇచ్చట ఒక చరిత్ర గుర్తు చేయవలసి ఉన్నది. సర్పగంధ మన వైద్యులకు చిరకాలంగా తెలిసిన మూలిక. అది రక్తపోటును తగ్గిస్తుందని ప్రపంచం ఒప్పుకొన్నది మాత్రం 1949లో. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగులపై దానిని పరీక్షించి, కొలతలతో సహా బ్రిటిష్ హార్ట్ జర్నల్ అనే పత్రికలో ప్రకటించిన తరువాతనే విదేశాల దృష్టి దానిపై నిలిచినది. ఆ మూలిక గుణం 1949కి ముందు కూడ ఉన్నదే, కొత్తగా చేరినది నమ్మదగిన కొలత. మన ఔషధాలపై మనకు నిజముగా అభిమానమున్నచో కొలతను అలక్ష్యం చేయుట తగదు.

ఇక కాలిబ్రేషన్ అనే మాట. దీనిని విని అనేకులు యంత్రాన్ని విప్పి మరమ్మతు చేయుట అనుకొంటారు. నిజానికి కాలిబ్రేషన్ అనగా పరికరాన్ని తెలిసిన ఒక ప్రమాణంతో పోల్చి, ఎంత తేడా చూపుతున్నదో కనుగొని వ్రాసి పెట్టుకొనుట మాత్రమే. ఆ తేడాను సవరించుట వేరొక పని. ప్రభుత్వ అధికారి పరీక్షించి ముద్ర వేయుట మూడవ పని. ఈ మూడింటిలో మొదటిదానిని చాలా పరికరాల విషయంలో మోటుగానైనా ఇంటిలోనే చేసుకొనవచ్చును. రెండవదాని జోలికి గృహస్థు పోరాదు. మూడవది ఎవరికి తప్పనిసరియో ముందు చెబుతాను.

కొత్త పరికరం ఎందుకు తప్పుతుందో మన జిల్లాల ఎండను ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. కార్ఖానాలో సరిచూచిననాడు యంత్రం నిజమే చెప్పి ఉండవచ్చును. అక్కడినుండి లారీలో, గిడ్డంగిలో, రేకుల కప్పు క్రింది దుకాణంలో నెలల తరబడి ప్రయాణం చేసి మన చేతికి వస్తున్నది. రామగుండం, జగిత్యాల, మంచిర్యాల ప్రాంతాలలో మే నెల ఎండ 45 డిగ్రీల సెంటీగ్రేడును దాటుట కొత్త కాదు. గ్లూకోమీటరు పట్టీల సీసాపై చదివి చూడండి. 30 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచరాదని చాలా సీసాలపై వ్రాసి ఉంటుంది. పట్టీ మీద పూసినది ఒక ఎంజైము. వేడికి, తేమకు అది చెడిపోతుంది. పట్టీ రంగు మారదు, వాసన రాదు, సీసాపై గడువు తేదీ ఇంకను మిగిలే ఉంటుంది. చూచుటకు కొత్తది, లోపల ప్రాణం పోయినది. చలికాలంలో ఆదిలాబాదు ఏజెన్సీలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పడిపోయినప్పుడు మరొక చిక్కు. చాలా యంత్రాలు 10 నుండి 40 డిగ్రీల నడుమ మాత్రమే సరిగా పనిచేసేటట్లు తయారవుతాయి. మన ఊళ్ళ వాతావరణం ఏడాదిలో ఈ రెండు హద్దులనూ దాటుతున్నది.

దీనికి విరుగుడు కంట్రోల్ ద్రావణం. తెలిసినంత చక్కెర కలిగిన నీటి వంటి ద్రవం అది. రక్తపు బొట్టుకు బదులు దానిని పట్టీకి తాకిస్తే, పట్టీల సీసాపై అచ్చువేసిన హద్దుల నడుమ అంకె రావలెను. రానిచో ఆ పట్టీలను వాడరాదు. ఈ ద్రావణం అన్ని పెట్టెలలోను ఉండదు, అడిగి తీసుకొనవలెను. పట్టీలకు డిస్కౌంటు ఎంతని అడుగుట మనకు అలవాటు, ద్రావణం సంగతి అడుగుట అలవాటు కాలేదు.

ఆయుర్వేదంలో కొలతలపై ఇంత పట్టింపు లేదని, చిటికెడు, గుప్పెడు, నిమ్మపండంత అని చెప్పుకొనే వైద్యమని ఒక అపోహ ఉన్నది. ఇది మన అజ్ఞానమే గాని శాస్త్రం చెప్పినది కాదు. శార్ఙ్గధర సంహిత ప్రథమ ఖండం ఆరంభంలోనే మానపరిభాష ఉన్నది. కొలత లేనిదే ద్రవ్యాలను యోజించుట పొసగదని హెచ్చరించిన తరువాతనే గ్రంథకర్త ఔషధాల జోలికి పోయినాడు. మాగధమని, కాళింగమని రెండు మానాలను పేర్కొన్నాడు. మాగధ మానంలో 6 గురివింద గింజలు ఒక మాషం. కాళింగ మానంలో 8, కొందరి మతాన 7. ఏ మానంలో యోగం చెప్పబడినదో తెలియక తూచినవాని మందు ఎక్కువో తక్కువో అయి తీరుతుంది. ఈ గందరగోళాన్ని తొలగించుటకే 1978లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన ఆయుర్వేద ఫార్ములరీ మొదటి భాగంలో మెట్రిక్ విలువలను నిర్ణయించినారు. గుంజ 125 మిల్లీగ్రాములు, 8 గుంజలైన మాషం 1 గ్రాము, కర్షం 12 గ్రాములు, పలం 48 గ్రాములు, ప్రస్థం 768 గ్రాములు.

గురివింద గింజ తన క్రింది నలుపు ఎరుగదని సామెత. అది తన బరువును కూడ ఎరుగదు. ఏ రెండు గింజలూ సమంగా తూగవు, ఎండిన గింజ ఒక విధం, పచ్చి గింజ ఒక విధం. అందుకే తూకాలు ఎరిగినవారు ఒక్క గింజతో తూచరు, అనేక గింజలను కలిపి తూచి భాగిస్తారు. తెలియకయే వారు చేసినది నేటి శాస్త్రజ్ఞులు సగటు తీయుట అనే పనియే. (తూకానికి వాడే ఈ గింజయే డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నియమాల ఇ(1) షెడ్యూలులో విషద్రవ్యాల జాబితాకు ఎక్కినది. పిల్లలకు అందుబాటులో ఉంచరాదు.)

తులం చరిత్ర మన జిల్లాల వారికి మరింత ఆసక్తి కలిగించేది. బ్రిటిష్ ఇండియాలో వెండి రూపాయి బరువు ఒక తులం, అనగా 11.66 గ్రాములు. మదరాసు వైపు వైద్యుడు 'రూపాయెత్తు' అంటే ఆ బరువు. కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 1956 వరకు హైదరాబాదు రాజ్యంలోనివి. ఇచ్చట చెలామణి అయినది నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా రూపాయి. దాని బరువు 11.18 గ్రాములే. మదరాసులో అచ్చయిన పుస్తకం చూచి మంథనిలోనో నిర్మల్‌లోనో హాలీ రూపాయితో తూచిన వైద్యుని మందు నూటికి నాలుగు వంతులు తక్కువ తూగుతుంది. ఫార్ములరీ లెక్కన తులానికి సమానమైన కర్షం 12 గ్రాములు. నేడు కరీంనగర్ బంగారు దుకాణంలో తులం అంటే 10 గ్రాములు. పేరు ఒక్కటే, బరువులు నాలుగు. 'తులం శొంఠి' అని ఎవరైనా వ్రాస్తే ఏ తులమని అడుగుట అతిశయం కాదు. శొంఠి కనుక పెద్ద ప్రమాదం లేదు, రసౌషధమైతే వేరు మాట.

ఇక్కడనే చిన్న ఎలక్ట్రానిక్ కాటాల ప్రసక్తి వస్తున్నది. అరచేతిలో ఇమిడే ఈ కాటాలు గ్రాములో నూరవ వంతు, అనగా 10 మిల్లీగ్రాములు కూడ చూపుతాయని అమ్ముతున్నారు. అంకె చూపుట వేరు, ఆ అంకె నిజమగుట వేరు. 10 మిల్లీగ్రాముల మెట్లలో చూపే కాటాపై 125 మిల్లీగ్రాముల భస్మాన్ని తూచితే, తేడా కేవలం రెండు మెట్లు ఉన్నా నూటికి 16 వంతుల తప్పు. భల్లాతకం, వత్సనాభి, విషముష్టి వంటి ద్రవ్యాలు కూడ పైన చెప్పిన విషజాబితాలోనివే. నల్లజీడి గింజలు ఆదిలాబాదు అడవులలో దొరుకుతాయి, శుద్ధి క్రమం తెలియనివారు ముట్టరాదు. ఇట్టివాటిని ఇంటి కాటాపై తూచి వాడుటను నేను సమర్థించను, కాటా ఎంత మంచిదైనా సరే. భస్మాలు వాడేవారు వైద్యుడు కట్టి ఇచ్చిన పొట్లాలనే వాడవలెను. వైద్యుడు సైతం ఒక్కొక్క మోతాదును తూచక, పదో ఇరవయ్యో మోతాదులను కలిపి తూచి సమభాగాలు చేయుట మేలు. పెద్ద బరువుపై చిన్న తప్పు పలుచబడుతుంది.

చూర్ణాలకు, లేహ్యాలకు ఇంటి కాటా చాలును. కొన్న దినమే దానిని సరిచూచే ఉపాయం మన జేబులోనే ఉన్నది. 2011 నుండి 2018 వరకు ముద్రించిన, రూపాయి చిహ్నం గల పసుపు రంగు 5 రూపాయల నాణెం బరువు 6 గ్రాములు. అరగని నాణేలను ఎంచి ఒకటి పెట్టి చూడండి, ఐదు పెట్టి చూడండి, పది పెట్టి చూడండి. 6, 30, 60 రావలెను. 2019 తరువాతి నాణెం బరువు 6.74 గ్రాములు కనుక రెండింటిని కలుపరాదు. కాటా బల్లపరుపుగా ఉన్నదా, ఏమీ పెట్టనప్పుడు సున్న చూపుతున్నదా, పళ్ళెం నడుమ పెట్టినా అంచున పెట్టినా ఒకే బరువు వస్తున్నదా, తీసి మరల పెడితే మొదటి అంకెయే తిరిగి వస్తున్నదా అని పరీక్షించవలెను. నాణెం అధికారికమైన తూనికరాయి కాదని మరువరాదు. ముద్ర వేసిన 50 గ్రాముల రాయి దొరికితే అది ఉత్తమం. వెండితీగ పనికి పేరుపొందిన కరీంనగర్‌లో సన్నని తూకాలు ఎరిగిన స్వర్ణకారులకు కొరత లేదు. ఇంటి కాటాపై తూచిన వస్తువును వారి కాటాపై ఒకసారి తూపించి చూచుకొనుట సులభం.

ఆ మాటకు వస్తే ప్రపంచంలోని తూకాలన్నింటికీ మూలమైన రాయి కూడ ఈ పరీక్షకు అతీతం కాలేకపోయినది. 1889 నుండి పారిస్ సమీపంలో భద్రపరచిన కిలోగ్రాము దిమ్మెకు, దాని నకళ్ళకు నడుమ నూరేళ్ళలో సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చినది. మన దేశపు నకలు 57వ సంఖ్య గలది, ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో ఉన్నది. చివరకు 2019 మే 20 నుండి ఆ దిమ్మెను పదవి నుండి తొలగించి, ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా కిలోగ్రామును నిర్వచించినారు. రాజు వంటి రాయికే తప్పని పరీక్ష వంటింటి కాటాకు అక్కరలేదనుట ఎట్లు?

బి.పి. యంత్రం విషయం వేరు. దానిని ఇంటిలో కాలిబ్రేషన్ చేయుట సాధ్యం కాదు, పోల్చి చూచుట మాత్రం సాధ్యం. కొన్న వారంలోనే యంత్రాన్ని వైద్యుని వద్దకు తీసికొనిపోయి, అదే చేతికి, ఐదు నిమిషాలు విశ్రాంతిగా కూర్చున్న తరువాత, ఆయన యంత్రంతో ఒకసారి, మన యంత్రంతో ఒకసారి చొప్పున మూడేసి పర్యాయాలు మార్చి మార్చి చూడవలెను. రక్తపోటు నిమిషానికొక విధంగా మారుతుంది కనుక ఒక్కసారి పోల్చి తీర్పు చెప్పరాదు. ప్రతిసారీ ఒకే వైపు 10 మి.మీ.కు మించి తేడా వస్తుంటే యంత్రాన్ని తిరిగి ఇచ్చివేయుట మంచిది. వైద్యుని యంత్రం మాత్రం సరియైనదని హామీ ఏమిటని మీరడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే, దానికి చట్టం సమాధానం చెబుతున్నది, వస్తాను.

యంత్రం దోషం అనుకొన్నది తరచు పట్టీ దోషం అవుతుంది. సామాన్యంగా పెట్టెలో వచ్చే పట్టీ 22 నుండి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత గల బాహువుకు తగినది. లావు చేతికి ఇది చాలకపోతే ఉన్నదానికంటె ఎక్కువ చూపుతుంది. మన పల్లెలలో బీడీలు చుట్టే స్త్రీలలో, కూలిపని చేసే వృద్ధులలో 22 సెంటీమీటర్లు కూడ లేని సన్నని చేతులు గలవారున్నారు. వారికి ఇదే పట్టీ వదులై తక్కువ చూపుతుంది. చేయి గుండె ఎత్తున కాక పది సెంటీమీటర్లు క్రిందికి వ్రేలాడితే ఏడెనిమిది మి.మీ. ఎక్కువ వస్తుంది. 140/90 అనే గీతకు అటో ఇటో ఉన్న మనిషికి ఈ మాత్రం తేడాయే జీవితాంతం మందులు వేసుకొనుటకో, మానుటకో కారణమవుతుంది. కొలబద్ద కొన్న దర్జీ ముందు చేతి చుట్టుకొలత తీస్తాడు. బి.పి. యంత్రం అమ్మేవాడు ఆ పని ఎందుకు చేయడో నాకు అర్థం కాని విషయం.

థర్మామీటరు గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. మంచు నీటిలో ముంచి సున్న చూడమనే సలహా జ్వరమానికి వర్తించదు. అది సుమారు 32 నుండి 43 డిగ్రీల సెంటీగ్రేడు వరకే చూపుతుంది. ఇంటిలో పాతది, కొత్తది రెండూ ఉంటే గోరువెచ్చని నీటిలో కొనలను ఒకేసారి ముంచి పోల్చిన చాలును. వంటింటి ఉష్ణమాపకాన్ని మాత్రం మంచు నీటిలోను, మరిగే నీటిలోను పరీక్షించవచ్చును. మన జిల్లాలు సముద్రమట్టానికి రెండువందల మీటర్లకు పైన ఉన్నందున నీరు 99 డిగ్రీల వద్దనే మరుగుతుంది, దానిని చూచి పరికరాన్ని అనుమానించరాదు. తైలపాకానికి ఈ మాపకం అక్కరలేదనియే నా తలంపు. తైలంలో నురుగు పుట్టుట, ఘృతంలో నురుగు అణగుట అనే లక్షణాలు పూర్వులు చెప్పినవి నేటికీ చాలును.

2021 వేసవిలో కోవిడ్ రెండవ ఉద్ధృతి నాటి సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆక్సిమీటరు దొరికితే చాలునని, ఏ ధరకైనా, ఏ పేరుదైనా కొన్నారు. 94 క్రిందికి పడితే ఆసుపత్రికి, పైన ఉంటే కషాయంతో ఇంటిలోనే. ఆ ఒక్క అంకెపై ప్రాణాలు ఆధారపడినవి. మంచి ఆక్సిమీటరు 90 చూపినప్పుడు కూడ నిజం 86 నుండి 94 వరకు ఎక్కడైనా ఉండవచ్చును. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రకటించిన అమెరికా పరిశీలనలో, నల్లజాతి రోగులలో రక్తంలో ప్రాణవాయువు పడిపోయినను యంత్రం పసిగట్టకపోవుట తెల్లవారిలో కంటె దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించినది. చామనచాయ, నలుపు ఛాయ గల మన ప్రజలకు ఇది పట్టించుకొనవలసిన సంగతి. ఈ యంత్రాన్ని ఇంటిలో సరిచేయు మార్గమే లేదు. చేయదగినదేమనగా, కొన్ననాడే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఇంటిల్లిపాది వేళ్ళకు పెట్టి చూచి ఎవరికి మామూలుగా ఎంత వస్తున్నదో వ్రాసి పెట్టుకొనుట. జబ్బు చేసిననాడు 95 అనే అంకె కంటె, మామూలుగా 99 ఉండే మనిషికి 95 అయినదనే సంగతి ఎక్కువ చెబుతుంది. గోళ్ళ రంగు తీసివేసి, చలికాలంలో వేళ్ళను వెచ్చబరచుకొని చూడవలెను.

ఇక చట్టం. 2011 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న లీగల్ మెట్రాలజీ చట్టం (2009) కిరాణా దుకాణపు కాటాలకే పరిమితమని చాలామంది భావిస్తారు. ఆ చట్టంలో క్రయవిక్రయాలతో పాటు 'రక్షణ' అనే ప్రయోజనం కూడ ఉన్నది. మనిషి లేక పశువు క్షేమం కొరకు ఏ చర్య తీసుకొనవలెనో నిర్ణయించుటకు కొలత ఫలితాన్ని ఉపయోగించుటయే రక్షణ అని దాని నిర్వచనం. అట్టి పనికి వాడదలచిన తూనిక, కొలత సాధనాన్ని వాడుకకు పెట్టక పూర్వమే సరిచూపించి ముద్ర వేయించవలెనని 24వ సెక్షను చెబుతున్నది. 'వాడక పూర్వమే' అన్న మాటను గమనించగలరు. పాతబడిన తరువాత కాదు. జ్వరమానాలు, బి.పి. యంత్రాలు ఆ చట్టం క్రింది నియమాలలో పేర్కొనబడిన సాధనాలే. ఇవి గాక 2021 జనవరి 1 నుండి బి.పి. యంత్రాలు, డిజిటల్ థర్మామీటర్లు, గ్లూకోమీటర్లు ఔషధ నియంత్రణ పరిధిలోనికి కూడ వచ్చినాయి.

తన ఇంట తన రక్తపోటు చూచుకొనేవానిని అధికారి వచ్చి ప్రశ్నించడు. ఇతరులకు వైద్యం చేసే మాబోటి వారి విషయం అది కాదు. ఆయుర్వేద వైద్యుడు, పల్లె ప్రాక్టీషనరు, ఉచిత శిబిరం నడిపే సంస్థ తమ యంత్రాన్ని చివరిసారిగా ఎప్పుడు సరిచూపించినారని రోగి అడుగవచ్చును. అడిగినందుకు వైద్యుడు కోపగించరాదు. కిలో బియ్యం తూచే కాటాపై ముద్ర లేకుంటే జరిమానా విధించే వ్యవస్థలో, మనిషి ఆయువును తూచే యంత్రంపై ముద్ర సంగతి ఎవరూ అడుగకుండుట విడ్డూరం. శాఖవారు ఏడాదికొకసారి సంతలలో శిబిరాలు పెట్టి కాటాలకు ముద్రలు వేసినట్లే, ఉట్నూరు, ఆసిఫాబాద్, మంథని వంటి చోట్ల వైద్యుల యంత్రాలకు కూడ ఒక దినం కేటాయించవలెనని కోరుతున్నాను.

అంగన్‌వాడీ కాటాలను సైతం ఇందులో చేర్చవలెను. 2018 మార్చి 8న ప్రారంభమైన పోషణ్ అభియాన్ క్రింద పిల్లల బరువు, పొడవు చూచే సాధనాలు కేంద్రాలకు అందినాయి. ఏజెన్సీ గూడెంలో 7 కిలోల బిడ్డను 300 గ్రాములు ఎక్కువ తూచే కాటా ఆ బిడ్డను బలహీనుల జాబితా నుండి తొలగించి, రావలసిన అదనపు ఆహారాన్ని దూరం చేయగలదు. ఆ కార్యకర్త చేతికి ముద్ర వేసిన ఒక 5 కిలోల రాయి ఇస్తే, ప్రతి నెలా తూచుట మొదలుపెట్టక ముందు దానిని పెట్టి చూచుకొంటుంది. రాయికి విద్యుత్తు అక్కరలేదు, ఇంటర్నెట్టు అక్కరలేదు.

నాడి పట్టి చూచే వైద్యునికి ఈ యంత్రాల గొడవ ఎందుకని కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చును. నాడీ పరీక్ష చేసే వ్రేళ్ళు కూడ ఒక పరికరమే. గురువు ప్రక్కన కూర్చుండి, ఆయన చెప్పినదానితో తాను కనుగొన్నదానిని ఏళ్ళ తరబడి పోల్చుకొన్న తరువాతనే శిష్యుని వ్రేళ్ళకు విలువ వచ్చేది. అది కాలిబ్రేషన్ గాక మరేమిటి? కొత్త శిష్యుని చేతికి రోగిని అప్పగించని సంప్రదాయం, కొత్త యంత్రాన్ని కన్నుమూసి నమ్ముట తగునా?

ఖర్చు మాట కూడ ఆలోచించవలసినదే. ప్రతి ఇంటా కంట్రోల్ ద్రావణం సీసా కొనుట సామాన్యునికి భారం. సీసా తెరచిన తరువాత సాధారణంగా మూడు నెలలే నిలుస్తుంది, ఒక్క ఇంటికి అంతా ఖర్చు కాదు. ఒక వీధిలోని ఐదారు కుటుంబాల వారు కూడబలుకుకొని ఒకే రకపు గ్లూకోమీటరు కొన్నచో ఒక్క సీసాతో అందరి యంత్రాలు, పట్టీలు సరిచూచుకొనవచ్చును. సీసా మూతపై తెరచిన తేదీ వ్రాసి, చల్లని గదిలో, వంటింటి పొయ్యికి దూరంగా ఉంచవలెను. ఏ ఔషధమైనా మొదలుపెట్టుటకు ముందు వారం దినాలు, ఉదయం ఒకే వేళకు, సరిచూచిన యంత్రంతో చూచుకొన్న అంకెలను పుస్తకంలో వ్రాసి, ఆ తరువాతనే మొదటి మోతాదు తీసుకొనవలెను. వైద్యుడిచ్చిన మాత్రలను ఈ లోగా మానరాదు. పత్రికకు తమ అనుభవాలు వ్రాసేవారు ఆ ముందు వారపు అంకెలను కూడ జతపరచగలరు.